చెవిటమ్మకు వినిపించే ఇంగ్లీషు

నమోదు 1

కలం చప్పుడును చెవిటమ్మ మాటగా లెక్కవేయదు. అందుకే రాస్తున్నాను, తెలుగులోనే రాస్తున్నాను. ఈ మూడో బ్లాకులో నాకు మిగిలిన స్వేచ్ఛ ఇదొక్కటే.

ఉదయం వంటగది గోడల మీద చేరిన నీటిని స్పాంజితో తుడిచి బకెట్లోకి పిండాను. సముద్రం అడుగున ఉంటూ తాగడానికి గోడ చెమటను వడగట్టుకోవడం ఇక్కడి బతుకు. ఆ పని వంతులవారీగా చేస్తారు. నేను వచ్చింది ఒక పూట తనిఖీకి. ఇప్పుడు వంతుల్లో నా పేరు కూడా చేరింది. వంటవాడు కూర్మయ్య నన్ను అడగకుండానే చేర్చేశాడు.

నా పేరు ఇందుమతి. పై బ్లాకులో మాట పరీక్షకురాలిని. కాలనీలో ప్రతి గోడలోనూ ఒక యంత్రం మనుషుల మాటలు వింటూ వాళ్ల మనసు స్థిమితంగా ఉందో లేదో లెక్కగడుతుంది. దానికి కంపెనీ పెట్టిన పేరు వేరే ఉంది. అన్నీ వింటుంది, ఒక్కటీ అర్థం చేసుకోదు గనుక జనం చెవిటమ్మ అంటారు. దాని లెక్క సరిగా ఉందో లేదో చూడడం నా ఉద్యోగం. తలుపు పక్కన గడియారమంత పలక మీద ఒక ముల్లు ఉంటుంది. అది పచ్చలో ఉంటే తలుపు తెరుచుకుంటుంది, ఎరుపుకు దిగితే మూసుకుంటుంది. మూడో బ్లాకు ముల్లు కొన్నాళ్లుగా దిగిపోతోందని నన్ను పంపారు.

నేను లోపలికి వచ్చి పలకరింపులు పూర్తిచేసేలోగా ముల్లు ఎరుపును తాకింది. తలుపు కదిలింది. వెల్డర్ పైడమ్మ పరుగున వచ్చి సందులో గునపం అడ్డం పెట్టింది. గునపం జారింది. ఆమె కుడి చెయ్యి తలుపుకూ చట్రానికీ మధ్య నలిగిపోయింది. చేతినైతే లాగగలిగాం. తలుపు మాత్రం మూసుకుపోయింది.

పైనున్న డాక్టరు ఫోనులో అన్నీ అడిగి తెలుసుకున్నాడు. వేళ్లకు రక్తం సరిగా అందడం లేదట. తొందరగా పైకి తెస్తే చెయ్యి దక్కుతుంది, ఆలస్యమైతే మణికట్టు దగ్గర తీసెయ్యాలి అన్నాడు. వెల్డింగు చేసి బతికే మనిషికి కుడి చెయ్యి. పైడమ్మ ఆ చేతినే చూసుకుంటూ ఉంది. ఆమె భర్త, పైపుల పని చేసే సన్యాసిరావు, ఫోనుకు దగ్గరగా జరిగాడు.

"మా ఆడదానికి ధైర్నం ఎక్కువండి. అది ఓర్సుకుంటాది" అన్నాడు.

నాకు మాత్రం ధైర్యం లేదు. భయంగా ఉంది. ఆ మాట ఇక్కడ రాసుకోవచ్చు.

నమోదు 2

కూర్మయ్య గరిటె పట్టుకుని నన్ను నిలదీశాడు.

"ఏటి మేడమ్, మేమేటి సేసినామని మూసీసినాది?"

"మీకు లోతు మత్తు ఎక్కిందనుకుంటోంది."

"మత్తా? ఇక్కడ సుక్క దొరికితే గదా మత్తెక్కడానికి!"

ఈ లోతులో ఒత్తిడి గాలి పీల్చి పీల్చి కొందరికి మతి తప్పుతుంది. మునుపు అయిదో బ్లాకులో ఒకడికి అలాగే తప్పింది. ఇంటికి వెళ్తున్నాననుకుని సముద్రం వైపు తలుపు తీశాడు. ఆ బ్లాకులో ఎవరూ మిగల్లేదు. ఆ రోజు పైనున్న అధికారి జాలిపడి వాడికి తాళం తీసిచ్చాడట. అప్పటినుంచి తాళాలు మనుషుల చేతుల్లో లేవు, చెవిటమ్మకే అప్పగించారు.

మత్తు మొదట మాటలోనే తెలుస్తుంది. స్థిమితంగా ఉన్న మనిషి మామూలుగా మాట్లాడేటప్పుడు వస్తువుల పేర్లు తక్కువగా వస్తాయి. నేను, నువ్వు, అది, వెళ్లాను, తెలీదు, కదా, మరి, ఇలాంటివే గుట్టలుగా వస్తాయి. మతి తప్పుతున్నకొద్దీ ఆ చిన్న మాటలు రాలిపోయి పేర్లే మిగులుతాయి. ఎక్కడో చలిదేశపు ఊళ్లలో పాలు కొనేవాళ్లూ, పొరుగువాళ్లతో తగువులాడేవాళ్లూ మాట్లాడుకునే ఇంగ్లీషును విని చెవిటమ్మ ఈ సంగతి నేర్చుకుంది. దానికి ఇంగ్లీషు తప్ప ఇంకో భాష రాదు.

ఇక మూడో బ్లాకు సంగతి. పోయిన నెల వరకు ఇక్కడ మలయాళీలు, ఒడియావాళ్లు, మనవాళ్లు కలిసి ఉండేవారు. ఒకరి భాష ఒకరికి రాక వచ్చీరాని ఇంగ్లీషులో కబుర్లు చెప్పుకునేవారు. ముల్లు పచ్చలో నిలకడగా ఉండేది. అందరికీ సుఖంగా ఉంటుందని మేనేజిమెంటు మిగతావాళ్లను బదిలీ చేసి, శ్రీకాకుళం వాళ్లయిన ఈ ముగ్గురినే ఒకచోట ఉంచింది. వీళ్లు హాయిగా తెలుగులో పడ్డారు.

"వాల్వు లీకైపోతన్నాది, ప్రెజర్ తగ్గిపోనాది, టూల్ బాక్సు బేగి తే!" అని సన్యాసిరావు అరిస్తే, చెవిటమ్మకు వినిపించేది వాల్వు, లీకు, ప్రెజర్, టూల్ బాక్సు. మధ్యనున్నదంతా దానికి గాలి చప్పుడు. దాని లెక్కలో ఇక్కడున్నది వస్తువుల పేర్లు అరుచుకుంటున్న పిచ్చివాళ్లు.

ఇది విని కూర్మయ్య చాలాసేపు నవ్వాడు. తరవాత పైడమ్మ చేతి వైపు చూసి నవ్వు ఆపాడు.

పైన కంట్రోలు గదిలో డేవిడ్‌రాజు ఉంటాడు. అతనికి ఇదంతా చెప్పి తలుపు తియ్యమన్నాను.

"నాకు తెలుసండీ మేడమ్. తెలిసి ఏం చెయ్యను? నా దగ్గర మీట లేదు, తాళం లేదు. ముల్లు పచ్చకొచ్చి కాసేపు నిలబడితే అదే తెరుచుకుంటది. కంపెనీకి రాశానండీ, జవాబు రాలా" అన్నాడు. తిట్టాలనుకున్నదాన్ని తిట్టలేకపోయాను.

నమోదు 3

మొదట ఇంగ్లీషు ముక్క లేకుండా అచ్చ తెలుగు మాట్లాడి చూశాం. తలుపు, గొట్టం, దీపం అంటూ కొంతదూరం వెళ్లాం. కూర్మయ్య కుక్కర్ దగ్గర ఆగిపోయి నోరు మూసుకున్నాడు. ఆఖరికి అందరం మూసుకున్నాం. ముల్లు పైకి లేవలేదు. వినడానికేమీ లేకపోతే అందరూ స్పృహ తప్పారని దాని లెక్క. ఇంకాస్త దిగింది.

అయితే ఇంగ్లీషులోనే మాట్లాడండి, నోటికొచ్చింది మాట్లాడండి అన్నాను. కూర్మయ్య గరిటె కింద పెట్టి, చేతులు కట్టుకుని, తలుపుకు ఎదురుగా నిటారుగా నిలబడ్డాడు.

"రెస్పెక్టెడ్ సర్. యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్, ఐ రిక్వెస్ట్ యూ టు గ్రాంట్ మీ లీవ్ ఫర్ టూ డేస్. థాంకింగ్ యూ సర్. యువర్స్ ఒబీడియెంట్లీ, కూర్మయ్య, సిక్స్త్ క్లాస్, బి సెక్షన్."

నేను నవ్వాపుకుంటుండగా సన్యాసిరావు అందుకున్నాడు. అతనికీ జ్వరమే, అతనికీ రెండు రోజుల సెలవే. సెక్షను మాత్రం ఏ. మంచం మీదనుంచి పైడమ్మ కళ్లు మూసుకుని ఆ సెలవుచీటీనే గొణిగింది. వేరువేరు బళ్లలో చదివిన ముగ్గురికీ ఇంగ్లీషంటే వచ్చింది ఆ జ్వరం ఒక్కటే. దయగల హెడ్మాస్టరు ఎవరైనా ఉంటే తలుపు తీసేవాడే.

ముల్లు దిగింది. అది మాట కాదు, కాగితం. కూర్మయ్య పంతానికి పోయి ఆవు వ్యాసం ఎత్తుకున్నాడు. ఫోర్ లెగ్స్, టూ హార్న్స్, వన్ టెయిల్, మిల్క్, కర్డ్, బటర్, ఘీ అంటూ ఉత్సాహంగా పోయాడు. అన్నీ పేర్లే. ముల్లు అట్టడుక్కి పడిపోయింది. మమ్మల్ని శాంతపరచడానికని చెవిటమ్మ సగం దీపాలు ఆర్పింది.

"ఆవు ముంచీసినాది మేడమ్" అన్నాడు కూర్మయ్య.

నేను విసుక్కున్నాను. వాళ్లమీద విసుక్కునే అర్హత నాకు లేదని కాసేపటికే తెలిసింది. నా మాటలను విడిగా లెక్కగట్టి చెప్పమని డేవిడ్‌రాజును అడిగాను. రీడింగ్ కంప్లీట్, రిపోర్ట్ పెండింగ్, సప్లై డిలే, ఇదీ నేను రోజంతా మాట్లాడే ఇంగ్లీషు. నా లెక్క కూర్మయ్య ఆవుకు కొంచెమే పైన ఉంది. నా చదువంతా ఇంగ్లీషులోనే సాగింది. ఆ భాషలో ఎవరినీ ఉప్పు అందించమని అడగలేదు, ఎవరిమీదా అలగలేదు.

నమోదు 4

మామూలు మాటలు ఇంగ్లీషులో రాసిచ్చి బట్టీ పట్టించాను. ఎక్కడికి వెళ్తున్నావు, ఏమో నాకు తెలీదు, నువ్వు వస్తావా, రాను, ఇలాంటివి. సన్యాసిరావు బాగా చెప్పాడు. కొంచెం నాటకీయంగా కూడా చెప్పాడు. ముల్లు గింజంత లేచింది. మా ప్రాణాలు లేచొచ్చాయి. రెండోసారి చెప్పగానే మళ్లీ పడింది.

నేను మరిచిపోయిన సంగతి డేవిడ్‌రాజు గుర్తుచేశాడు. వల్లించిన మాటను చెవిటమ్మ గుర్తుపడుతుంది, లెక్కలోంచి తీసేస్తుంది. మత్తులో ఉన్నవాళ్లు పాటలూ శ్లోకాలూ తప్పులేకుండా అప్పజెప్పగలరు గనుక అలా అమర్చారట. ఆ నియమం ఉండాలని నివేదికలో రాసినవాళ్లలో నేనూ ఉన్నాను. మంచి నియమమే. బయట కూర్చుని రాస్తే అన్నీ మంచి నియమాలే.

ఆ సంగతి వాళ్లకూ చెప్పి, ఇక బ్లాకులో తెలుగు బంద్ అన్నాను. వంటైనా, తుడవడమైనా, తిట్టుకోవడమైనా ఇంగ్లీషులోనే. తప్పులు పోతే పోనివ్వండి, తప్పొప్పులు దానికి పట్టవు అని చెప్పాను. వాళ్లకు పట్టింది. నా ఎదుట తప్పు మాట్లాడాలంటే సిగ్గు. ఒక వాక్యం మొదలుపెట్టి, సరిగా ఉందా అన్నట్టు నా ముఖం చూసి, మధ్యలో ఆపేసేవారు. ఆపిన వాక్యంలో మిగిలేది మళ్లీ ఒక పేరే. వాటర్. రైస్. పెయిన్.

సాయంత్రం కట్టు మార్చాను. చూపుడువేలు, మధ్యవేలు ముదురు వంకాయ రంగుకు తిరిగాయి. పైడమ్మ నొప్పికి పళ్లు బిగబట్టి "అమ్మా" అంది. కూర్మయ్య ఆమె తల నిమిరి, "ఓలమ్మా, ఇంకాసేపేనే తల్లీ, ఇంజెక్షన్ ఇచ్చీసినారు, టాబ్లెట్ ఏసీసుకో, డోర్ తెరుసుకుంటాది" అన్నాడు. మెత్తటి మాటలన్నీ గాలిలో కలిసిపోయాయి. ఇంజెక్షన్, టాబ్లెట్, డోర్ అని మూడు పేర్లు మా లెక్కలో పడ్డాయి.

"ఇంగ్లీష్, కూర్మయ్యా!" అని అరిచాను.

అతను నా వైపు చూసిన చూపు బాగాలేదు. నిమురుతున్న చెయ్యి మాత్రం తియ్యలేదు. నాకు ఏడుపొచ్చింది. నీటి వడపోత గుడ్డలు మార్చే వంక పెట్టుకుని వెనక గదిలోకి పోయి ఏడ్చాను.

నమోదు 5

ఈ రోజు జరిగింది వరసగా రాయాలి.

పొద్దున డాక్టరు ఫోను చేశాడు. రంగు మణికట్టు వైపు పాకుతోందని నేను చెప్పాను. సాయంత్రంలోగా తలుపు తెరుచుకోకపోతే లోపలే తీసెయ్యాలి, లేకపోతే ప్రాణానికే ముప్పు, ఎలా కొయ్యాలో నేను చెబుతాను, మీరు కొయ్యండి అన్నాడు. మీరు అంటే నేను. దానికి పేషెంటు ఒప్పుకోలు కావాలి. ఇంగ్లీషులో రికార్డు చెయ్యడం కంపెనీ నిబంధన.

స్పీకరులోంచి డాక్టరు ఒక్కొక్క మాటే విడమర్చి అడిగాడు. సన్యాసిరావు లేచి నిలబడ్డాడు.

"ఎస్ సార్. మై వైఫ్ ఓకే సార్."

"నో" అంది పైడమ్మ.

ఎప్పుడూ గట్టిగా మాట్లాడని గొంతు. ఎవరు మాట్లాడారా అని కూర్మయ్య వంటగదిలోంచి తొంగిచూశాడు.

"ఐ నో సే ఓకే. హీ సే" అంది. ఎడమచేత్తో మంచం పట్టె పట్టుకుని లేచి కూర్చుంది. "ఇట్ ఈజ్ మై హ్యాండ్. వై యూ సే?"

సన్యాసిరావు తెలుగులో ఏదో సర్దిచెప్పబోయాడు. ఆమె వినలేదు.

"యూ ఆల్వేస్ సే. దే ఆస్క్ మీ, యూ సే. యూ సైన్, ఐ కమ్. ఐ డిడ్ నాట్ వాంట్ కమ్. యూ డిడ్ నాట్ ఆస్క్ మీ. నెవర్ యూ ఆస్క్ మీ."

నా కళ్లు అలవాటుగా పలక మీదికి పోయాయి. ముల్లు కదులుతోంది. వణుకుతూ, ఆగుతూ, పైకే కదులుతోంది.

నేనిక్కడున్న ఈ కొద్దిరోజుల్లో పైడమ్మ భర్తను ఒక్కసారైనా నువ్వు అనడం నేను వినలేదు. మీరు అంటుంది, లేకపోతే ఇదిగో అంటుంది. ఇంగ్లీషులో అందరికీ ఒకటే యూ. ఆ మాట నోట్లో పడ్డాక ఆమెకు కొత్తగా దారి దొరికినట్టుంది. నా ముఖం చూడలేదు, తప్పొప్పులు చూసుకోలేదు, ముల్లు వైపు అసలే చూడలేదు.

సన్యాసిరావు చూశాడు. అతనికి విషయం అర్థమైంది. వాదన పొడిగిస్తే తలుపు తెరుచుకుంటుందని ఆశపడ్డాడు పాపం, ఉత్సాహంగా అందుకున్నాడు.

"వై యూ నాట్ టెల్ మీ?"

"హౌ ఐ టెల్? యూ గో అవుట్. ఐ టాక్, యూ గో అవుట్."

"ఐ వర్క్! ఐ వర్క్ ఫర్ యూ!"

"ఐ వర్క్ టూ. ఐ వర్క్ మోర్ దేన్ యూ. దే గివ్ యూ. యూ కీప్ ఇట్. ఐ నెవర్ సీ ఇట్."

"యూ... వై యూ సే లైక్ దిస్? దే ఆర్ హియరింగ్."

"లెట్ దెమ్ హియర్."

అతని ముఖం మారింది. అంతవరకు తలుపుతో మాట్లాడుతున్నవాడు ఇప్పుడు ఆమెతో మాట్లాడుతున్నాడు. తగువు ఆపాలని లేచాను. ఎర్ర గీత దాటబోతున్న ముల్లును చూసి మళ్లీ కూర్చున్నాను. నేను చేసింది మంచిదో చెడ్డదో తెలీదు. ఒక ఇల్లు విరుగుతుంటే పలక చూస్తూ కూర్చున్నాను, విరిగితే చెయ్యి దక్కుతుందని.

"వాట్ యూ వాంట్?" అన్నాడు సన్యాసిరావు. గొంతు తగ్గింది. "యూ టెల్ మీ నౌ. ఐ డోంట్ నో. వాట్ యూ వాంట్?"

పైడమ్మ చాలాసేపు మాట్లాడలేదు. ముల్లు తడబడింది. కూర్మయ్య గుప్పిళ్లు బిగించి నిలబడ్డాడు. తరవాత ఆమె అరవలేదు, ఏడవలేదు. నెమ్మదిగా, మాట మాటకూ వెతుక్కుంటూ చెప్పింది.

"ఐ వాంట్ టు గో అప్. ఐ విల్ నాట్ కమ్ బ్యాక్. నాట్ హియర్, నాట్ టు యూ. ఇఫ్ ఐ హావ్ హ్యాండ్, ఐ గో. ఇఫ్ ఐ డోంట్ హావ్, ఐ గో. ఐ థింక్ ఇట్ ఎవ్రీ డే. ఎవ్రీ డే ఐ వాజ్ ఎఫ్రెయిడ్ అండ్ ఐ డిడ్ నాట్ సే. నౌ ఐ సెడ్."

ముల్లు పచ్చలోకి వచ్చి నిలబడింది. స్పీకరులో డేవిడ్‌రాజు "అమ్మో, నిలబడింది మేడమ్, నిలబడింది!" అని కేకపెట్టాడు. గోడలో ఏదో సడలిన చప్పుడైంది. తలుపు తెరుచుకుంది.

నమోదు 6

పై బ్లాకునుంచి రాస్తున్నాను. ఆపరేషన్ అయింది. చూపుడువేలు పోయింది. మిగతా చెయ్యి ఉంది, సాధన చేస్తే దానికి మళ్లీ పట్టు వస్తుందని డాక్టరు అన్నాడు. పైడమ్మ మత్తులోనుంచి లేచి ముందు కట్టు వైపు చూసుకుంది, తరవాత నీళ్లడిగింది.

మూడో బ్లాకుకు మలయాళీలను మళ్లీ పంపిస్తున్నారు. చెవిటమ్మకు తెలుగు నేర్పాలని నేను రాసిన కాగితానికి జవాబు లేదు. నా గది గోడలోనూ అది వింటూనే ఉంది. ఇప్పుడు నేనే నా మాటలు లెక్కపెట్టుకుంటున్నాను. నోరు తెరిచే ముందే అందులో పేర్లు ఎన్ని, నేనూ నువ్వూ ఎన్ని అని ఏరుకుంటున్నాను. బయటపడ్డానని అందరూ అంటున్నారు, నాకలా అనిపించడం లేదు.

తలుపు తెరుచుకున్న క్షణం దగ్గర నిన్న రాయడం ఆపేశాను. చేతకాక ఆపాను. అక్కడ ఇంకొంచెం జరిగింది.

స్ట్రెచరుతో ఇద్దరు పరుగున వచ్చారు. పైడమ్మను ఎత్తి పడుకోబెట్టారు. కూర్మయ్య ఒక కొస పట్టాడు, నేను సెలైను సీసా పట్టుకున్నాను. సన్యాసిరావు గబగబా సంచిలో ఆమె బట్టలూ తన బట్టలూ కుక్కుకుని మా వెంట పడ్డాడు. అతని ముఖం వెలిగిపోతోంది. గడప దగ్గర స్ట్రెచరును వంచి దాటించడానికి మేము ఆగినప్పుడు, ఆమె మీదికి వంగి తెలుగులో అడిగాడు.

"బలే సేసినావే పైడీ! తలుపు కోసమే అన్నావు గదా అదంతా?"

పైడమ్మ అతని వైపు చూసింది. కోపం లేదు. ఎప్పటి మర్యాదే మళ్లీ గొంతులోకి వచ్చింది.

"వల్లించినవి దానికెక్కవని మేడమ్ సెప్పినారు గదండీ" అంది.

మేము గడప దాటాం. నేను ఒకసారి వెనక్కి తిరిగి చూశాను. తలుపు బార్లా తెరిచి ఉంది, ముల్లు పచ్చలోనే ఉంది. సన్యాసిరావు సంచి పట్టుకుని లోపలే నిలబడిపోయాడు.